పైముడత, కింది ముడత, నల్ల తామర: పురుగుకు పేరు తేల్చేదెలా?

మిరప ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి తిరగబడితే నల్లి. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల మిరప రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. గట్టు మీద నిలబడి ఆకు చూసి చెప్పేస్తాడు. శాస్త్రజ్ఞులు కూడా ఈ రెంటినీ వేరుగానే లెక్క కడతారు. తామర పురుగుకు ఆరు కాళ్లు. ఎదిగిన నల్లికి ఎనిమిది. అంటే నల్లి కీటకమే కాదు, సాలీడుకు చుట్టం! చాలా పురుగు మందులకు అది లొంగకపోవడానికి, గంధకం వంటివి వాడవలసి రావడానికి కారణం ఇదే.

చిక్కల్లా పేర్లతోనే. మంచంలో కుట్టేదీ నల్లే, మిరప ఆకు అడుగున చేరేదీ నల్లే. మంచం నల్లికి మాత్రం ఆరే కాళ్లు. తామర అంటే చెరువులో పువ్వు, ఒంటి మీద చర్మవ్యాధి, చేలో పురుగు కూడా.

ఈ గందరగోళం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. దీన్ని సరిచేయడానికి స్వీడన్‌కు చెందిన లిన్నేయస్ 1753లో మొక్కలకు, 1758లో జంతువులకు రెండేసి మాటల పేర్లు స్థిరపరిచాడు. మన పేర్ల మాదిరే ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. ఇంటిపేరు ప్రజాతిని, రెండూ కలిపితే జాతిని తెలుపుతాయి. మన మిరపకు ‘కాప్సికం ఆన్యుయమ్’ అని పెట్టింది ఆయనే. ఆన్యుయమ్ అంటే ఏడాది పంట అని అర్థం. పెరట్లో రెండు మూడేళ్లు కాసే మిరప చెట్టును చూసినవారికి ఆ పేరు నప్పదనిపిస్తుంది. అయినా అర్థం కుదరలేదని పేరు మార్చరు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది నియమం.

ఇంటిపేరు మాత్రం మారవచ్చు, పెళ్లయిన ఆడపిల్లకు మారినట్లు. పత్తి కాయ తొలిచే శనగపచ్చ పురుగును ‘హీలియోథిస్ ఆర్మిజెరా’ అనేవారు. 1965లో ‘హెలికోవెర్పా’ అనే కొత్త ప్రజాతిని ఏర్పరచి దాన్ని అందులో చేర్చారు. ఆర్మిజెరా అలాగే ఉండిపోయింది. 1987-88లో పత్తి దెబ్బతిని, అప్పుల పాలైన రైతులు ఈ రెండు జిల్లాల్లో ప్రాణాలు తీసుకున్న రోజుల్లో కూడా ఎక్కువగా వాడుకలో ఉన్నది పాత పేరే.

పేరు తేలకపోతే ఎంత నష్టమో 2021-22 మిరప సీజన్‌లో తెలిసివచ్చింది. పూలలో నల్లటి సన్న పురుగులు గుంపులుగా చేరాయి. పూత రాలింది, పిందె నిలవలేదు. పాత తామర పురుగే అనుకుని అవే మందులు పదే పదే కొట్టినవారికి ఖర్చే మిగిలింది. కొందరు తోటలు పీకేశారు.

పాతది లేత పసుపు రంగులో, లేత ఆకుల మీద ఉంటుంది. దాని పేరు ‘సిర్టోత్రిప్స్ డోర్సాలిస్’. కొత్తది ‘త్రిప్స్ పార్విస్పైనస్’. ఇంటిపేరే వేరు. దీన్ని 1922లోనే కార్నీ అనే శాస్త్రవేత్త వర్ణించాడు. ఇండోనేసియా మిరప తోటలకు ఇది పాత శత్రువే. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించినట్లు నమోదైంది. ఆరేళ్లకు మన చేలమీద పడింది.

ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగును వట్టి కంటితో తేల్చడం సాధ్యం కాదు. గాజు పలక మీద పరచి, సూక్ష్మదర్శిని కింద మీసాల గణుపులు, రెక్కల మీది వెంట్రుకల వరుసలు లెక్కపెడతారు. ఇప్పుడు డి.ఎన్.ఎ. కూడా సరిపోలుస్తున్నారు. పేరు తేలగానే వేరే దేశాల్లో దాని గురించి తెలిసినదంతా మన రైతుకూ అక్కరకు వస్తుంది. ఇది పూలలోనే దాగుతుందని, విచ్చలవిడిగా మందులు కొట్టవద్దని, నీలి రంగు జిగురు అట్టలు కట్టమని శాస్త్రజ్ఞులు సలహా ఇచ్చారు.

చేలో ఎరగని పురుగు కనిపిస్తే, మందుల కొట్టుకు పోయే ముందు పూలను, ఆకులను పురుగుతో సహా కోసి సంచిలో కట్టాలి. చిన్న సీసాలో స్పిరిట్ పోసి నాలుగు పురుగులు వేస్తే పాడుకావు. ఊరు, తేదీ, పంట, ఆకు మీద దొరికిందా పూలోనా అన్నది చీటీ మీద రాసి గుంటూరు దగ్గరి లాం పరిశోధనా స్థానంలో గాని, కృషి విజ్ఞాన కేంద్రంలో గాని, మండల వ్యవసాయాధికారికి గాని చూపించవచ్చు.