ఆంగ్లభాషణము – మన యజంతస్వభావము

ఆంగ్లమును నేర్చుట వేరు. "నేనును ఆంగ్లము మాటాడువాడనే" యని విద్యార్థి తన్ను దాను భావించుట వేరు. మొదటిది వ్యాకరణాభ్యాసమువలన సిద్ధించును. రెండవది వినువారి యాదరణమువలన గాని సిద్ధింపదు. ఈ భేదమును గుర్తింపనిచో, పరీక్షయందు గెలిచిన బాలుడు సభయందేల మూగవోవునో తెలియరాదు.

1985వ సంవత్సరమున కాశ్మీరదేశీయుడగు బ్రజ్ కచ్రూ పండితుడు ఆంగ్లవ్యాప్తిని మూడు వలయములుగా విభజించెను. ఆంగ్లము మాతృభాషయైన దేశములు అంతర్వలయము. పరిపాలన, న్యాయవిచారణ, విద్య మున్నగు వానియందు దానిని వాడు భారతదేశము వంటివి బాహ్యవలయము. పరభాషగా మాత్రమే నేర్చుకొను జపాను వంటివి విస్తరించు వలయము. ఉరవకొండ బాలుడు పటమునుబట్టి రెండవ వలయమువాడు. కాని మగ్గముల నడుమను, సంతలోను అతనికి వినబడునది తెలుగు. బళ్లారి దెసకు బోయిన కన్నడము. ఆంగ్లమున బదులు పలుకువారు బడి వెలుపల నరుదు. కావున ననుభవమున నతడు జపాను విద్యార్థికే చేరువ.

ఈ యిరువురకు నుచ్చారణమునందును సామ్యము కలదు. తెలుగు అజంతభాష, జపాను భాషయందును పదాంతమున నకారము దప్ప వేరొక హల్లు నిలువదు. ఆంగ్లేయుల "బస్" మనకు "బస్సు", వారికి "బసు". ఇట్లు చేరిన యచ్చే తరచుగా పరిహాసమునకు కారణమగుచున్నది. ఒకమారు నవ్వులపాలైన బాలుడు, తప్పు పలుకుటకంటె పలుకకుండుటయే మేలని యెంచును. పలుకనివానికి భాష యలవడదు.

ఇచ్చట తెలుగు పండితుడు చేయదగిన సహాయము గొప్పది. సంస్కృతమున "వాక్" తెలుగున "వాక్కు" అయినది. "విద్యుత్" "విద్యుత్తు" అయినది. "బస్సు" నందలి యుకారమును ఆ స్వభావమునుండి పుట్టినదే. ఇది యజ్ఞానము గాదని బాలునికి తెలిపినచో సిగ్గు సగము తొలగును. అయినను దిద్దదగినవి లేకపోలేదు. ఆంగ్లమున "రికార్డ్" అను పదమునకు ఊనిక మొదటి యక్షరముపై నున్నచో నామవాచకము, రెండవదానిపై నున్నచో క్రియ యగును. అర్థమును మార్చు నిట్టి వానిని శ్రద్ధతో నేర్పవలెను; అర్థమును చెరుపని యుకారమును చూచి నవ్వరాదు.

కెనడాకు వలసవచ్చిన స్త్రీలను పరిశీలించి బానీ నార్టన్ 1995లో ప్రకటించిన వ్యాసము, మాటాడుట కేవలము అభ్యాసకుని యుత్సాహముపైనే గాక, వాని మాటాడు హక్కు నితరులు మన్నించుటపైనను ఆధారపడునని నిరూపించినది. మరియు నొక భాషను చేపట్టుటకు వేరొకదానిని విడువ నక్కరలేదు. 1880లో తాడిపత్రియందు జన్మించిన బళ్లారి రాఘవ తెలుగు, కన్నడ, ఆంగ్లములు మూటియందును నటించి మెప్పువడసెను.

కావున తరగతిలో ప్రతిదినము కొంతసేపు బాలు రిద్దరిద్దరుగా ఆంగ్లమున సంభాషింపవలెను. మాట ముగిసినపిదపనే దిద్దుబాటు జరుగవలెను. సంతలో కన్నడమున బేరమాడు బాలుని తప్పులను అంగడివాడు లెక్కింపడు, బదులు చెప్పును. కన్నడము వానికి సులభముగా నలవడుట కదియు నొక కారణము.