హర్లింగు ఆటగాడు లోరీ మాహర్

ఐర్లండు దేశమున హర్లింగు అను పురాతనపు టాట యొకటి గలదు. పక్షమునకు పదునేవురు నిలిచి, ఆష్ అను చెట్టు కఱ్ఱతో చేసిన వంపుకోలలతో తోలుబంతిని కొట్టుదురు.

కిల్కెన్నీ మండలమందలి టుల్లరోన్ గ్రామమున 1899లో జన్మించిన లోరీ మాహర్ ఈ యాటలో ప్రఖ్యాతుడు. వృత్తి సేద్యము, ఆటకు జీతము లేదు. 1931 అఖిల ఐర్లండు తుదిపోటీలో కిల్కెన్నీ, కార్క్ జట్లు రెండుమారులు సరిసమానముగా నిలిచినవి. రెండవ యాటలో మాహరునకు ప్రక్కటెముకలు విఱిగినవి. అందుచే మూడవదానిలో ఆడజాలకపోయెను, కిల్కెన్నీ యోడెను. ఆయన యుండినచో గెలిచెడిదేమో, ఎవరు చెప్పగలరు? పిమ్మట 1932, 1933లలో విజయము లభించెను. 1935లో ఆయనయే నాయకుడై, వానలో, లిమరిక్ జట్టును ఒక్క పాయింటు తేడాతో గెలిచెను.

1973లో మరణించెను. ఆయన నివసించిన పూరికప్పు రైతుయిల్లు తరువాత ప్రదర్శనశాలయైనది.