అడవి ఇంట్లో ఒక రాత్రి

శివరాత్రి వచ్చిందంటే నల్లగొండ, పాలమూరు ఊళ్ళ నుంచి ఎంతోమంది శ్రీశైలం పోతారు. కొందరు బస్సులో పోతారు. కొందరు నడిచి పోతారు. తొవ్వలో నల్లమల అడవి వస్తుంది. అందరూ అడవిని దాటుతారు. ఆగి అడవిని చూసేవాళ్ళు మాత్రం తక్కువ.

బస్సు కిటికీలోంచి చెట్లు కనపడతాయి. రోడ్డు పక్కన వరుసగా కూర్చున్న కోతులు కనపడతాయి. ఎవరో ఒకరు అరటిపండు విసురుతారు. కోతులు ఎగబడతాయి. బస్సు సాగిపోతుంది.

ఆ అరటిపండు సంగతి తర్వాత చెప్పుకుందాం. ముందుగా ఆ అడవిలో ఒక రాత్రి ఉండి వద్దాం.

"అమ్మో! అడవిలో పండుకునుడా? పులి రాదా?"

ఎవరైనా ముందుగా అడిగే మాట ఇదే. దీనికి జవాబు తెలుసుకుందాం.

గేటు పడే ఊరు

హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద, అచ్చంపేట దాటినాక మన్ననూరు అనే ఊరు ఉంది. ఒకప్పుడు అది మహబూబ్‌నగర్ జిల్లా. 2016 నుంచి నాగర్‌కర్నూలు జిల్లా. అక్కడి నుంచి దట్టమైన అడవి మొదలవుతుంది.

ఈ అడవి జంతువులకు ప్రభుత్వం విడిచిపెట్టిన చోటు. దీన్ని అభయారణ్యం అంటారు. అంటే అక్కడ జంతువులను వేటాడకూడదు. చెట్లు కొట్టకూడదు. 1978లో కృష్ణకు రెండు పక్కల ఉన్న అడవిని అభయారణ్యం చేశారు. 1983లో పులుల రక్షణ పథకంలో చేర్చారు. 2014లో రాష్ట్రం రెండు అయింది. అప్పుడు తెలంగాణ వైపు వచ్చిన అడవికి అమ్రాబాద్ పులుల అభయారణ్యం అని పేరు వచ్చింది. ఇది 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉంది. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో పరచుకుని ఉంది.

మన్ననూరు దగ్గర రోడ్డుకు అడ్డంగా ఒక గేటు ఉంది. మామూలు రోజుల్లో రాత్రి 9 గంటలకు ఆ గేటు మూస్తారు. మళ్ళీ ఉదయం 6 గంటలకు తీస్తారు. రాత్రిపూట జంతువులు నీళ్ళకు, మేతకు తిరుగుతాయి. రోడ్డు దాటుతాయి. బండి దీపం కళ్ళల్లో పడితే దుప్పి కదలక నిలబడిపోతుంది. బండి గుద్దితే చచ్చిపోతుంది. అందుకే రాత్రి ఆ తొవ్వ జంతువులది. పగలు మనది.

రాత్రి ఎక్కడ ఉంటారు? ఎట్లా ఉంటారు?

2021 నవంబరులో అటవీశాఖ మన్ననూరులో బయటివాళ్ళు రాత్రి ఉండే ఏర్పాటు మొదలుపెట్టింది. ముందుగా డబ్బు కట్టి గది తీసుకోవాలి. అడవిశాఖ బండిలో ఫరహాబాద్ వైపు తీసుకుపోతారు. అక్కడ కొండ అంచున నిలబడి చూస్తే కింద అంతా అడవే. వానకాలంలో మాత్రం అడవి లోపలికి తీసుకుపోవడం ఆపేస్తారు.

తొవ్వ చూపేవాళ్ళలో చెంచులు కూడా ఉంటారు. తరతరాలుగా అడవిలో బతికినవాళ్ళు వాళ్ళు. నేల మీద అడుగు చూసి ఏ జంతువో చెప్పగలరు. ఎంతసేపటి కింద పోయిందో కూడా చెప్పగలరు. మనం పుస్తకం చదవడం నేర్చుకున్నట్టు, వాళ్ళు అడవిని చదవడం నేర్చుకున్నారు.

అక్కడ కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. బండి దిగకూడదు. కేకలు పెట్టకూడదు. జంతువులకు తిండి వేయకూడదు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను 2024 జులై నుంచి ఈ అడవిలోకి తేనివ్వడం లేదు. చుట్టాల ఇంటికి పోతే ఆ ఇంటి పద్ధతి పాటిస్తాం కదా! ఇదీ అంతే.

ఇక పులి సంగతి. పులి మనిషిని వెతుక్కుంటూ రాదు. మనిషి వాసన తగిలితే చాలావరకు పక్కకు తప్పుకుంటుంది. అయినా చీకటి పడినాక గది దాటి పోకూడదు. నిజానికి అక్కడికి పోయిన చాలామందికి పులి కనపడనే కనపడదు. చప్పుళ్ళు మాత్రం వినపడతాయి. గుడ్లగూబ కూత వినపడుతుంది. దుప్పి అరుపు వినపడుతుంది.

కొండముచ్చు, దుప్పి

అడవిలో కొండముచ్చుకు, దుప్పికి మంచి పొత్తు. కొండముచ్చు చెట్టు మీద ఆకులు, కాయలు తింటూ కొన్ని కింద పడేస్తుంది. దుప్పులు వాటిని తింటాయి. పైనుంచి కొండముచ్చుకు పులి కనపడిందనుకోండి. గట్టిగా అరుస్తుంది. దుప్పులు పరుగెత్తుతాయి. కొన్నిసార్లు దుప్పికే ముందుగా వాసన తగులుతుంది. అప్పుడు అది అరుస్తుంది. కొండముచ్చులు పై కొమ్మలకు ఎక్కుతాయి.

కోతులు కూడా పొద్దంతా తిరుగుతాయి. మేడి, మర్రి, నేరేడు, తునికి పండ్లు తింటాయి. లేత ఆకులు, పురుగులు తింటాయి. తిన్న పండ్ల గింజలు వేరే చోట పడతాయి. అక్కడ మొలకలు వస్తాయి. అంటే కోతి తిన్నంత తిని, అడవిని నాటుతుంది.

ఏ పండు ఎప్పుడు పండుతుంది? ఏ ఆకు చేదు? ఎండకాలం నీళ్ళు ఎక్కడ ఉంటాయి? ఇవన్నీ కోతిపిల్లకు ఎవరు నేర్పుతారు? తల్లే నేర్పుతుంది. పిల్ల తల్లి పొట్టను పట్టుకుని తిరుగుతుంది. తల్లి ఏం తింటే అది వాసన చూస్తుంది. తల్లి ఎటు పోతే అటు పోతుంది. తల్లి వెంట తిరగడమే కోతిపిల్లకు బడి.

ఇప్పుడు రోడ్డు పక్కన కూర్చున్న తల్లికోతిని తలుచుకోండి. అది పొద్దంతా బస్సుల కోసం చూస్తుంది. దాని పిల్ల కూడా బస్సుల కోసమే చూస్తుంది. ఆ పిల్లకు మేడిచెట్టు తెలియదు. బిస్కెట్ పొట్లం తెలుసు. పండు కోసం రోడ్డు మీదికి ఉరుకుతుంది. వెనుక నుంచి ఇంకో బండి వస్తుంది. ఆ తొవ్వలో ఇట్లా చచ్చే కోతులు ఎన్నో.

నీళ్ళ నడుమ చింపాంజీలు

తల్లి దగ్గర అడవిని నేర్చుకోని జంతువు తిరిగి అడవిలో బతకగలదా? దీనికి జవాబు చెప్పే చోటు ఒకటి ఉంది. అది చాలా దూరం. సముద్రం దాటి ఆఫ్రికా ఖండానికి పోవాలి.

ఆఫ్రికాలో ఉగాండా అనే దేశం ఉంది. అక్కడ విక్టోరియా అనే పెద్ద సరస్సు ఉంది. ఆ సరస్సులో ఎన్గాంబ అనే దీవి ఉంది. దీవి అంటే చుట్టూ నీళ్ళు, నడుమ నేల. నాగార్జునసాగర్ నీళ్ళ నడుమ నాగార్జునకొండ ఉన్నట్టే. నాగార్జునకొండకు లాంచీలో పోతారు. ఎన్గాంబకు కూడా పడవలోనే పోవాలి. ఒడ్డు నుంచి 23 కిలోమీటర్లు.

ఆ దీవి చింపాంజీలకు ఇల్లు. చింపాంజీ కోతికి చుట్టమే, కానీ కోతి కాదు. దానికి తోక ఉండదు. కోతి కంటే చాలా పెద్దది. జంతువులన్నిటిలో మనిషికి బాగా దగ్గరి చుట్టాలలో ఒకటి. పుల్లతో చెదపురుగులను లాగి తింటుంది. తల్లి నాలుగైదు ఏండ్లు పాలిస్తుంది. పిల్ల ఇంకా కొన్నేండ్లు తల్లి వెంటే ఉంటుంది. చింపాంజీలు ఆఫ్రికా అడవుల్లోనే పుడతాయి. మన అడవుల్లో ఉండవు.

కొందరు వేటగాళ్ళు తల్లి చింపాంజీని చంపుతారు. చంకలోని పిల్లను పట్టి అమ్ముతారు. కొన్నవాళ్ళు ముద్దుగా ఉందని పెంచుకుంటారు. కొన్నేండ్లకు దానికి బలం వస్తుంది. కరుస్తుంది. అప్పుడు గొలుసుతో కట్టేస్తారు. బోనులో పెడతారు. ఇట్లాంటి పిల్లలను ప్రభుత్వం వాళ్ళు పట్టి విడిపిస్తారు.

విడిపించినాక అడవిలో వదిలితే సరిపోదా? సరిపోదు. ఆ పిల్లకు ఏం తినాలో తెలియదు. అడవిలోని చింపాంజీలు కొత్తదాన్ని రానివ్వవు. మీదపడి చంపుతాయి కూడా. మనుషులకు అలవాటు పడింది కాబట్టి అది మళ్ళీ ఊళ్ళోకే వస్తుంది.

అందుకే 1998లో 19 చింపాంజీలను ఎన్గాంబ దీవికి తెచ్చారు. తర్వాత వాటి సంఖ్య 50 దాకా పెరిగింది. దీవి మొత్తం సుమారు 100 ఎకరాలు. దాదాపు అంతా చింపాంజీల అడవే. ఒక మూల మాత్రం మనుషులు ఉంటారు. నడుమ కరెంటు కంచె ఉంది. చింపాంజీకి ఈత రాదు. అందుకని మిగతా మూడు దిక్కులా నీళ్ళే గోడ.

బయటివాళ్ళు అక్కడ రాత్రి ఉండవచ్చు. గుడారాల్లో పండుకుంటారు. సాయంత్రం చింపాంజీలు తిండికి ఇంటికి వస్తాయి. చాలావరకు ఉయ్యాలల్లాంటి పడకల్లో లోపలే పండుకుంటాయి. తెల్లారి అడవిలోకి పోతాయి. చుట్టాలు కంచెకు ఇవతలే ఉండాలి. మన జలుబు, దగ్గు చింపాంజీలకు అంటుకుంటాయి. ప్రాణం మీదికి వస్తాయి. రాత్రి ఉన్నవాళ్ళు కట్టే డబ్బు చింపాంజీల తిండికి, మందులకు పనికొస్తుంది.

అయితే ఒక మాట గుర్తు పెట్టుకోవాలి. ఆ 100 ఎకరాల అడవి అన్ని చింపాంజీలకు చాలదు. రోజూ మనుషులు తిండి పెట్టవలసిందే. చోటు చాలదని ఆడ చింపాంజీలకు పిల్లలు పుట్టకుండా మందు వాడుతున్నారు. ఎంత ప్రేమగా చూసుకున్నా, పోయిన అడవి తిరిగి రాలేదు. చింపాంజీ యాభై ఏండ్లు కూడా బతుకుతుంది. అన్ని ఏండ్లూ దానికి మనుషులే దిక్కు.

మన ఇంటి పెంకుల మీద

ఇప్పుడు మన ఊరికి వద్దాం. కోతుల బాధ మన ఆడవాళ్ళకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? పల్లికాయ చేను పీకేస్తాయి. మక్క కంకులు విరుస్తాయి. బీరపాదు తెంపుతాయి. ఇంటి పెంకులు తీసి పడేస్తాయి. ఇంట్లోకి వచ్చి బువ్వగిన్నె ఎత్తుకుపోతాయి. పెరట్లో కూరగాయలు వేయడమే మానుకున్న ఇండ్లు ఎన్నో ఉన్నాయి. కూర కొనవలసి వస్తే ఆ ఖర్చు ఎవరి మీద పడుతుంది?

కోతులు ఊళ్ళమీద పడడానికి కారణాలు చాలా ఉన్నాయి. గుట్టల మీది చెట్లు పోయాయి. రోడ్డు పక్కన మర్రి, మేడి, నేరేడు చెట్లు కొట్టేశారు. ఊళ్ళో తిండి సులువుగా దొరుకుతుంది. మనం చేతితో పెట్టే తిండి కూడా ఒక కారణం. చెయ్యి చాపితే పండు దొరుకుతుందని నేర్చిన కోతి, చెయ్యి చాపనివాళ్ళ దగ్గర గుంజుకుంటుంది.

కోతులు పెరగకుండా వాటికి ఆపరేషన్లు చేసేందుకు నిర్మల్ జిల్లా చించోలిలో 2020 డిసెంబరులో ఒక కేంద్రం తెరిచారు. కోతులు వేలకు వేలు. ఒక్క కేంద్రంతో తీరే పని కాదు.

"కోతి అంటే హనుమంతుడు కదా! ఇంత పెడితే పున్నెం కదా!" అని కొందరు అంటారు. భక్తి మంచిదే. హనుమంతునికి గుడిలో పండు పెట్టవచ్చు. ఆ పండు ఆకలిగొన్న పిల్లలకు పంచవచ్చు. కోతికి మేలు చేయాలంటే గుట్ట మీద ఒక మేడిచెట్టు, ఒక నేరేడుచెట్టు నాటాలి. చెట్టు పెట్టే తిండి కోతిని బిచ్చగత్తెను చేయదు.

కోతి కరిస్తే ఏం చేయాలి? వెంటనే పుండును సబ్బుతో, పారే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. ఆలస్యం చేయక సర్కారు దవాఖానకు పోవాలి. డాక్టరు చెప్పిన సూదిమందు అన్నిసార్లూ వేయించుకోవాలి.

తెల్లవారింది

ఉదయం 6 గంటలు. మన్ననూరు గేటు లేచింది. రాత్రంతా ఆగిన బండ్లు కదిలాయి. రాత్రి అడవిలో ఉన్నవాళ్ళు కూడా సంచులు సర్దుకుని బస్సు ఎక్కారు. రోడ్డు పక్కన కోతులు అప్పుడే వచ్చి కూర్చున్నాయి. ఒక తల్లి పొట్టకు పిల్ల అంటుకుని ఉంది. రెండూ బస్సు వైపే చూస్తున్నాయి.

సంచిలో అరటిపండ్లు ఉన్నాయి. పిల్లను చూస్తే జాలి వేస్తుంది. అయినా పండు సంచిలోనే ఉండాలి. కాసేపు చూసి తల్లి లేస్తుంది. పిల్లను పట్టుకుని చెట్ల వైపు పోతుంది. పిల్లకు బడి అక్కడే ఉంది.

చెప్పుకుందాం

1. మన్ననూరు గేటును రాత్రిపూట ఎందుకు మూస్తారు?
2. విడిపించిన చింపాంజీ పిల్లలను అడవిలో ఎందుకు వదలరు?
3. మీ ఊరికి కోతులు ఎప్పటి నుంచి వస్తున్నాయి? అంతకుముందు గుట్ట మీద ఏ ఏ చెట్లు ఉండేవి? పెద్దవాళ్ళను అడిగి పేర్లు రాయండి.
4. మీ సంఘంలో కూర్చుని మాట్లాడుకోండి. ఈ వానకాలం ఏ చెట్లు నాటుదాం? ఎక్కడ నాటుదాం?