బాణం లేకుండా వదిలిన విల్లు

2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లుతో మూడు బంగారు పతకాలు గెలిచింది. అప్పటినుంచీ మా ఊళ్ళో తెలుగు పిల్లలు చాలామంది అదే విల్లు కావాలంటున్నారు. మావాడూ వాళ్ళలో ఒకడు. కొనిచ్చాను. ఇవాళ చెప్పబోయేది ఆ విల్లుతో మా ఇంట్లో జరిగిన సంగతే.

ఒక శనివారం వాడి స్నేహితుడు వచ్చాడు. గరాజ్‌లో విల్లు చూసి సరదాపడి, బాణం లేకుండానే ఆకర్ణాంతం లాగాడు. చివరిదాకా లాగాక ఎలా దింపాలో తెలియక వదిలేశాడు. ఫట్‌మని పెద్ద చప్పుడు. చూస్తే విల్లు మామూలుగానే ఉంది. పిల్లలిద్దరూ దాన్ని మళ్ళీ కొక్కేనికి తగిలించి ఊరుకున్నారు. బుధవారం ప్రాక్టీసుకి బయల్దేరుతుంటే మావాడు కడుపునొప్పి అన్నాడు. కారెక్కాక మెల్లగా అసలు విషయం చెప్పాడు. నేను తిడతానని నాలుగు రోజులు దాచాడట. తిట్టలేదని చెప్పను గానీ, చెప్పకుండా ఆ సాయంత్రం ఆ విల్లు లాగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

దీన్నే డ్రై ఫైర్ అంటారు. మన సినిమాల్లో అర్జునుడూ కర్ణుడూ నారి మోగిస్తారు కదా, అదీ ఇదీ ఒకటి కాదు. విల్లు లాగినప్పుడు మన చేతి బలమంతా పైనా కిందా ఉన్న లింబుల్లో, అంటే వంగే బద్దల్లో, దాగి ఉంటుంది. వదలగానే అందులో చాలా భాగం బాణం తీసుకుపోతుంది. బాణమే లేకపోతే ఆ బలం పోవడానికి దారి లేదు. వెనక్కి తిరిగి లింబుల మీద, వాటి చివర తిరిగే క్యామ్ చక్రాల మీద, నారి మీద పడుతుంది. కాంపౌండ్ విల్లులో ఇంకో మోసం ఉంది. 40 పౌండ్ల విల్లు 80 శాతం లెట్-ఆఫ్ ఉన్నదైతే, చివరిదాకా లాగాక చేతిలో ఆగేది 8 పౌండ్లే. 'ఇంత తేలికేమిటి' అనుకుంటాడు కుర్రాడు. లింబుల్లో నిండిన బలం మాత్రం తగ్గదు.

అందుకని మొదటి మాట. డ్రై ఫైర్ అయిన విల్లుని 'బాగుందో లేదో' చూడటానికి ఒక్కసారి కూడా లాగకండి. పగిలిన లింబు లాగుతుండగానే విరగవచ్చు, అప్పుడు అది మన ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. నారి క్యామ్ గాడిలోంచి జారి ఉంటే దాన్ని చేత్తో సర్దబోకండి. లింబులు ఇంకా బిగువులోనే ఉంటాయి.

చూడటం మాత్రం చూడొచ్చు. కళ్ళజోడు, చేతికి గ్లౌజులు పెట్టుకోండి. చాలా లింబులు ఫైబర్‌గ్లాసు, కార్బన్‌తో చేసినవి. వాటి పేడు వేలిలో దిగితే తీయడం కష్టం. టార్చి లైటు పెట్టి లింబులను రెండువైపులా, అంచుల వెంట చూడండి. తర్వాత కాస్త దూది తీసుకుని అంచుల వెంట మెల్లగా నడపండి. ఎక్కడైనా పోగులు చిక్కుకుంటే అక్కడ పేడు లేచిందన్నమాట. ముఖ్యంగా రెండు చోట్ల తొందరపడకుండా చూడండి. ఒకటి లింబు కొస, యాక్సిల్ దూరే చోటు. రెండోది లింబు మధ్యపట్టీలో దూరే మొదలు. పొడవునా సన్నటి తెల్ల గీత కనిపిస్తే అది గీరు అనుకుని వదిలేయకండి. మా విల్లు కింది లింబు కొసన నా కంటికి ఏమీ ఆనలేదు, దూదికి మాత్రం రెండు పోగులు తగులుకున్నాయి.

క్యామ్‌లను వెనకనుంచి చూడండి. నారి గాడి మధ్యలో ఉందా, చక్రం ఒకపక్కకి వాలిందా, అంచు నొక్కుకుపోయిందా? యాక్సిల్ చివర్ల చిన్న క్లిప్పులు రెండూ ఉన్నాయా? నారికీ కేబుళ్ళకీ పైన చుట్టిన దారం, సర్వింగ్ అంటారు, క్యామ్‌ను తాకేచోట విడిపోయిందేమో, పోగులు తెగాయేమో చూడండి. సైటు, రెస్టు మరలు కూడా ఆ అదురుకి వదులవుతాయి. ఆఖరున టేపుతో రెండు యాక్సిళ్ళ మధ్య దూరం, పిడి లోతునుంచి నారిదాకా దూరం కొలిచి, విల్లుతో వచ్చిన కాగితంలోని అంకెలతో పోల్చండి. తేడా వస్తే ఎక్కడో ఏదో వంగిందనే అర్థం.

ఇవన్నీ సరిగా ఉన్నా విల్లు బాగున్నట్టు కాదండీ. లింబు పొరలు లోపల విడిపోతే పైకి తెలియదు. విల్లుల దుకాణానికి తీసుకెళ్ళి, డ్రై ఫైర్ అయిందని ఉన్నదున్నట్టు చెప్పండి. వారంటీ పోతుందేమోనని కొందరు దాస్తారు. చాలా కంపెనీలు దీనికి వారంటీ ఇవ్వవు, నిజమే. కానీ చెప్పకపోతే అక్కడి మనిషి నారి ఒక్కటి మార్చి ఇచ్చేయవచ్చు. చెబితే బో ప్రెస్‌లో పెట్టి, బిగువు తీసి, యాక్సిల్ ఊడదీసి చూస్తాడు. తర్వాత డ్రా బోర్డు మీద బిగించి, ఎవరి ముఖమూ దగ్గర లేకుండా మరచక్రంతో లాగి చూస్తాడు.

మాకు లింబుల జత, ఒక యాక్సిల్, నారీ కేబుళ్ళూ మార్చారు. లింబు ఒక్కటే మార్చమని బేరమాడాను. రెండూ సమానంగా వంగకపోతే క్యామ్‌లు సమంగా తిరగవన్నాడు, నోరు మూసుకున్నాను.

ఇంకొక్క మాట. స్నేహితుడు లేకుండా కూడా ఇది జరుగుతుంది. బాణం నాక్ పగిలినా, నారికి సరిగా కరుచుకోకపోయినా, లాగేటప్పుడు రిలీజ్ మీట మీద వేలు పడినా అంతే. బాణం మరీ తేలికైనా విల్లుకి సగం డ్రై ఫైర్ లాంటిదే. పౌండుకి 5 గ్రెయిన్లు తగ్గకూడదని సాధారణ లెక్క. 40 పౌండ్ల విల్లుకి 200 గ్రెయిన్లు, అంటే సుమారు 13 గ్రాములు. మీ విల్లు కాగితంలో అంతకన్నా ఎక్కువ రాసి ఉంటే అదే పాటించండి.

మావాడి విల్లు ఇప్పుడు గరాజ్‌లో కొక్కేనికి లేదు, తాళం వేసిన పెట్టెలో ఉంటుంది. తాళంచెవి వాడి దగ్గరే. ఆ స్నేహితుడు మొన్న మళ్ళీ వచ్చాడు, ఈసారి ముందు బాణం అడిగాడు.

ఉంటానండీ, సెలవు.