ఫోన్ చదవలేని పాఠం

లెక్కల క్లాసు. మాస్టారు బోర్డు మీద సమీకరణం రాశారు. సుద్దముక్కతో చూపిస్తూ, "దీన్ని ఇటు తెస్తే గుర్తు మారుతుంది, అప్పుడు ఇదీ ఇదీ కలిపితే ఇంత వస్తుంది" అన్నారు. క్లాసులో చూపులేని పిల్లాడొకడు ఉంటే వాడికి దక్కినవి దీన్ని, ఇటు, ఇంత. అదే మాస్టారు రాస్తూ రాస్తూ పైకి చదివారనుకోండి: "మూడు ఎక్స్ ప్లస్ అయిదు ఈక్వల్స్ ఇరవై. అయిదు కుడివైపు వెళితే మైనస్ అయిదు. మూడు ఎక్స్ ఈక్వల్స్ పదిహేను." వాడూ లెక్క చేసేస్తాడు. దీనికి పైసా ఖర్చు లేదు, కరెంటు కూడా అక్కర్లేదు.

ట్యాబులూ ల్యాప్‌టాప్‌లూ వచ్చినా చిక్కు ఇక్కడే ఉంది. మన కంటికి కనిపిస్తోంది కదా అని మనం చెప్పకుండా వదిలేసిందే చూపులేని పిల్లలకు అందకుండా పోతుంది.

చూపులేని విద్యార్థికి ఇవాళ ప్రధానమైన పనిముట్టు స్క్రీన్ రీడర్. తెర మీదున్న రాతను పైకి చదివే సాఫ్ట్‌వేర్ అది. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ పేరుతో ఉంటుంది, సెట్టింగుల్లోకి వెళ్లి ఆన్ చేసుకోవడమే. కంప్యూటరుకైతే ఎన్‌వీడీఏ ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కర్రన్ 2006లో దాన్ని మొదలుపెట్టారు, జేమ్స్ తే తోడయ్యారు. ఇద్దరికీ చూపు లేదు. అది ఇప్పటికీ ఉచితమే. తెలుగూ చదువుతుంది. దానితో వచ్చే గొంతు కాస్త మరమనిషి గొంతులా ఉంటుంది గానీ, అలవాటు పడ్డ పిల్లలు దాన్ని ఎంత వేగంగా పెట్టుకుని వింటారంటే, పక్కన కూర్చున్న మనకు ఒక్క ముక్కా అర్థం కాదు.

అంటే పరికరం ఉంది, డబ్బు అడ్డం కాదు. మరి పిల్లాడు తెలుగు పాఠం తెరిస్తే ఎందుకు నోరు తిరగని చెత్త వినిపిస్తుంది?

దీనికి జవాబు మన డీటీపీ సెంటర్లలో ఉంది. యూనికోడ్ వాడుక పెరగకముందు తెలుగు అచ్చుకు ఒక చిట్కా కనిపెట్టారు. కంప్యూటరుకు తెలిసినవి ఇంగ్లిషు అక్షరాలూ కొన్ని గుర్తులూ. వాటి బొమ్మలు తీసేసి, ఆ చోట్లలో మన తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ముక్కలుగా పెట్టారు. తెర మీద "అమ్మ" అని ముచ్చటగా కనిపిస్తుంది, కాగితం మీదా అలాగే వస్తుంది. యంత్రం లోపల మాత్రం అది అమ్మ కాదు, రెండు మూడు ఇంగ్లిషు అక్షరాలూ మధ్యలో ఏదో గుర్తూ. ఇది తెలుగు వేషం కట్టిన ఇంగ్లిషు. స్క్రీన్ రీడర్‌కు వేషం కనిపించదు, లోపలున్నదే చదువుతుంది. యూనికోడ్‌లో అలా కాదు. క అక్షరానికి ఒక సంఖ్య ఉంది, ఏ కంప్యూటర్లోనైనా ఏ ఫోన్లోనైనా ఆ సంఖ్య క మాత్రమే. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటిచ్చారు. అయినా పాత ఫాంట్లు మన ప్రెస్సులను పూర్తిగా వదల్లేదు. అచ్చు వేసి చేతికిచ్చే శుభలేఖకు వాటితో ఏ నష్టమూ లేదు. నష్టమంతా పాఠాలకూ ప్రశ్నపత్రాలకూనే.

ఇంకో రకం ఇబ్బంది స్కాన్ కాపీలు, వాట్సాప్‌లో పంపే నోట్సు ఫొటోలు. అవి రాత కాదు, బొమ్మ. బొమ్మలోంచి అక్షరాలు లాగే సాఫ్ట్‌వేర్లున్నాయి, నీట్‌గా అచ్చయిన పేజీని బాగానే పట్టుకుంటాయి. హడావుడిగా రాసిన చేతిరాత దగ్గర మాత్రం తడబడతాయి.

ఫోనే చదివిపెడుతుంటే బ్రెయిలీ ఎందుకనే వాళ్లున్నారు. నాకు ఆ మాట సరిగ్గా అనిపించదు. వింటే కథ తెలుస్తుంది గానీ, "శాఖ"లో క రాయాలో ఖ రాయాలో చెవికి తెలియదు. బ్రెయిలీలో ఆరు చుక్కల గడి మీద వేలు పెట్టి చదివిన పిల్లకు తెలుస్తుంది. తెలుగు బ్రెయిలీలో గుడి, కొమ్ము ఉండవు. "కి" రాయాలంటే క గడి, దాని పక్కన ఇ గడి. స్లేటు మీద మొనతో పొడిచి రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు రాస్తారు, కాగితం తిప్పితే ఎడమ నుంచి చదవడానికి వస్తుంది. లెక్కల్లో మెట్టు వెనక మెట్టు చూసుకోవడానికి వినికిడి ఒక్కటే చాలదు.

తెర మీద ప్రయోగాలు చేయించే వర్చువల్ ల్యాబులు కూడా వచ్చాయి. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ వీటిలో బాగా పేరున్నది, ఉచితం. ప్రయోగశాల లేని బడికి మేలే. ఒక్కటి చూసుకోవాలి: మౌస్‌తో లాగితేనే పని చేసేది చూపులేని పిల్లలకు పనికిరాదు. ఫెట్‌లో కొన్ని ప్రయోగాలు కీబోర్డుతో నడుస్తాయి, ఏం జరుగుతోందో పైకి చెబుతాయి. టీచరు ముందు వాటిని వెతికి పెట్టుకోవాలి.

పరికరాలుంటే చాలదు, సీటూ దక్కాలి. మచిలీపట్నం ప్రాంతంలో పుట్టిన, చూపులేని బొల్లా శ్రీకాంత్‌కు పదో తరగతి తర్వాత సైన్సు గ్రూపు ఇచ్చేది లేదన్నారు. కోర్టుకెళ్లి సీటు సాధించుకుని, పాఠాలను ఆడియోగా విని చదివి 98 శాతం తెచ్చుకున్నారు. ఆపైన అమెరికాలోని ఎంఐటీలో చదివారు. అప్పటికీ ఇప్పటికీ చట్టం మారింది. 40 శాతమో అంతకుమించో వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్ల వరకు పుస్తకాలు, తగిన సహాయక పరికరాలు ఉచితంగా ఇవ్వాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. పుస్తకాన్ని వాళ్లు చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి 2012 సవరణతో కాపీరైటు అడ్డు కూడా తొలగింది.

మీరు టీచరైతే, ఈసారి ప్రశ్నపత్రం డీటీపీ నుంచి రాగానే ఒక పని చేయండి. ఫైల్లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో అతికించండి. తెలుగే కనిపిస్తే చాలావరకు ఫర్వాలేదు. అర్థంపర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు పడితే, యూనికోడ్‌లో మళ్లీ కొట్టించి తెప్పించండి.