బొంత కుట్టే ఇంటికి ఏ ఇస్త్రీ పెట్టె?

మా ఊరు ఆష్టిలో ఇంట్లో బొంత అన్నదే బజారుకు వెళ్తే గోధడి అవుతుంది. పేరేదైనా పని ఒకటే: పాత చీరలు, ధోవతులు, మిగిలిన గుడ్డముక్కలు పొరలుగా పరచి కుట్టుకోవడం. చేత్తో పొడుగు కుట్లు వేసే బొంతకు ఇస్త్రీతో పనిలేదు. ముక్కకు ముక్క మిషను మీద జోడించి, మూలకు మూల కలవాలని చూసే బొంతకు మాత్రం ఇస్త్రీ పెట్టె కత్తెరంత అవసరం. కుట్టగానే నొక్కకపోతే జోడు జోడుకీ నూలుపోగంత తేడా వస్తుంది. ఇరవై ముక్కలు దాటేసరికి అదే వేలెడు వంకర అవుతుంది.

బట్టలు ఇస్త్రీ చేయడం వేరు, కుట్టు నొక్కడం వేరు. చొక్కా మీద పెట్టెను లాగుతాం. కుట్టు మీద అలా లాగకూడదు. పెట్టెను ఆనించి, రెండు మూడు సెకన్లు ఆగి, ఎత్తి పక్కన పెట్టాలి. ఏటవాలుగా కత్తిరించిన ముక్క వేడికీ తడికీ సాగిపోతుంది, మళ్లీ పాత కొలతకు రాదు. ముందు కుట్టును ఉన్నదున్నట్టు నొక్కి, తర్వాత విప్పి, లోపలి అంచును ముదురు రంగు ముక్క వైపు మడిచి ఇంకోసారి నొక్కాలి. లేత రంగు వైపు మడిస్తే ముదురు అంచు నీడలా పైకి కనిపిస్తుంది. వేడి ఆరేదాకా ముక్కను కదపొద్దు.

స్టీమ్ పెట్టె కావాలా అంటే, ఇందులో ఆవిరి చేసేది కొంచెమే. నూలు తడిస్తే మెత్తబడి మడతకు లొంగుతుంది. మామూలు పెట్టె కింద తడిగుడ్డ వేసినా అంతే. వెనక బొగ్గుల పెట్టె తన బరువుతోనే కుట్టును అణిచేది. ఇప్పటి స్టీమ్ పెట్టెలు తేలిక, ఆ బరువు మన చెయ్యి వేయాలి.

కొట్టుకు వెళ్లి బ్రాండు చూసేముందు ఇంట్లో రెండు చూడమంటాను: ప్లగ్గు పాయింటు, నీళ్లు.

చిన్న పాయింటు 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర లెక్కకట్టినా 1380 వాట్లు దాటదు. 1000 నుంచి 1250 వాట్ల పెట్టె దానికి సరిపోతుంది. 2000 వాట్ల పెట్టెకు లావు పిన్నుల 16 ఆంపియర్ల పాయింటు కావాలి. కన్వర్టరు తగిలించి లావు ప్లగ్గును చిన్న పాయింటులో దూర్చడం వైరు కాల్చుకోవడమే. ఇంకో సంగతి, వోల్టేజీ పడిపోతే వేడి అంతకంటే ఎక్కువగా పడిపోతుంది. 230 ఉండాల్సింది 180కి దిగితే 1250 వాట్ల పెట్టె సుమారు 765 వాట్లే ఇస్తుంది. ఆవిరికి చాలినంత వేడి అందక నీళ్లు నీళ్లుగానే కారతాయి. జనం పెట్టెను తిడతారు గానీ, అది చాలాసార్లు లైను తప్పు.

నీళ్ల సంగతి ఇంకా పెద్దది. వైనగంగ నది ఊరి పక్కనే పారుతుంది. అయినా ఇస్త్రీ పెట్టెలో మనం పోసేది నదిని కాదు, చేతికందిన బిందెలోదాన్ని. అది బోరు నీరైతే అందులో కరిగిన సున్నం ఉంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందా? ఆ పొరే పెట్టె లోపలా కడుతుంది. రంధ్రాలు మూసుకుపోతాయి, ఒకరోజు తెల్ల లైనింగు మీద గోధుమరంగు మరక ఉమ్ముతుంది. బ్లౌజు చేతిలో పెట్టుకుని ఆ మరకను చూస్తూ కూర్చున్నదాన్ని నేను, అందుకే చెబుతున్నా.

విరుగుడు కష్టం కాదు. నీళ్లు బాగా కాచి, చల్లార్చి, పైతేట వంచుకుంటే సున్నంలో కొంత అడుగున దిగిపోతుంది. క్యాను నీళ్లు ఉంటే అవి మేలు. గంజి, సెంటు ఎప్పుడూ పోయొద్దు. పని కాగానే మిగిలిన నీళ్లు వంపేసి, పెట్టెను నిలువుగా నిలబెట్టండి.

ఇక తిప్పే బిళ్ల మీద చుక్కలు. ఒక చుక్కంటే సుమారు 110 డిగ్రీలు, రెండంటే 150, మూడంటే 200. నూలు మూడు చుక్కలకు ఓర్చుకుంటుంది. పాలిస్టరు చీర ముక్క ఆ వేడికి మెత్తబడి పెట్టెకు అంటుకుంటుంది. మన బొంతల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి, కాబట్టి బలహీనమైన గుడ్డనుబట్టే వేడి పెట్టాలి, పైన పల్చటి నూలుగుడ్డ కప్పాలి. ఒక చుక్క దగ్గర ఆవిరి వదిలితే నీటి బొట్లు రాలతాయి. కనక ఆవిరిని పూర్తిగా ఆపేసే మీట లేని పెట్టె దర్జీ పనికి రాదు. కాలరు బకరం అతికించేటప్పుడూ అంతే. పది పన్నెండు సెకన్లు కదపకుండా నొక్కితే జిగురు పట్టుకుంటుంది.

అడుగు రేకు సంగతి: నాన్‌స్టిక్ పూత నున్నగా జారుతుంది గానీ బ్లౌజు హుక్కులూ జిప్పులూ దాన్ని గీరేస్తాయి. స్టీలు రేకు ఆ దెబ్బలు కాస్తుంది. మొన సన్నగా ఉంటే చంక కుట్టులోకి దూరుతుంది. దానంతటదే ఆగిపోయే ఏర్పాటు పిల్లలున్న ఇంటికి మంచిదే. మధ్యమధ్య మిషను దగ్గరికి వెళ్లివచ్చేవాళ్లకు విసుగు.

నా మాట అడిగితే, బోరు నీళ్లు, చిన్న పాయింటు ఉన్న ఇంటికి ఐఎస్ఐ గుర్తున్న 1000 వాట్ల బరువైన మామూలు పెట్టె, పక్కన నీళ్లు చిమ్మే సీసా చాలు. తీగో కాయిలో పోతే ఊళ్లోని ఎలక్ట్రీషియనే మార్చగలడు. స్టీమ్ పెట్టెలో నీళ్ల తొట్టి చీలితే అతనేం చేయలేడు.

స్టీమే కావాలంటే కొట్లోనే నీళ్లు పోయించి, వేడెక్కాక తెల్లగుడ్డ మీద ఆవిరి వదిలి చూపించమనండి. చుక్క కారిందా, ఇంకో పెట్టె తీయించండి. గ్యారంటీ కార్డు మీద కొట్టు ముద్ర, తేదీ వేయించుకోకుండా మెట్లు దిగొద్దు.