అవ్వతో వాదం వద్దు!

పొద్దుగూకే వేళకు ‘నేను ఇంటికి పోత’ అంటూ గడప దాటబోతుంది అవ్వ. ఉన్నది సొంతింట్లోనే! ‘ఇదే కదా నీ ఇల్లు’ అని కోడలు ఎంత చెబితే అంత కోపం. అల్జీమర్స్ వచ్చిన ఇళ్లలో తరచూ జరిగే గొడవే ఇది. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో కొడుకు గల్ఫ్‌లో ఉంటే ఆ భారమంతా కోడలిదే.

మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా. అందులో ఎక్కువగా కనిపించేది అల్జీమర్సే. మాత్రలు దీన్ని నయం చేయలేవు. భయం, చిరాకు, ఊరికే తిరగడం లాంటి వాటికి వైద్యులు ముందుగా చెప్పేదీ మాత్రలు కాదు, మనం మెలిగే తీరును మార్చుకోమనే.

అవ్వ అడిగే ఇల్లు బహుశా పుట్టిల్లు. ‘పోదాం గానీ ముందు చాయ్ తాగుదాం. మీ ఊరి చెరువు పెద్దదా అత్తా?’ అంటే మాట మళ్లుతుంది. చీకటి పడకముందే లైట్లు వేస్తే నీడలు చూసి బెదరడమూ తగ్గుతుంది.

ఇక్కడి ఆడవాళ్లలో చాలామందివి ఏళ్లకేళ్లు బీడీలు చుట్టిన చేతులు. పేర్లు మరిచినా చేతుల అలవాటు చాలాకాలం నిలుస్తుంది. తంబాకు, కత్తెర వద్దుగానీ, చేట ముందు పెట్టి చిక్కుడుకాయలు ఒలవమనండి, పెసర్లు ఏరమనండి. తప్పు ఏరినా ఆమె ఎదుట సరిచేయకండి. పొద్దున తిన్నది గుర్తులేని మనిషి బతుకమ్మ పాట వినగానే చప్పట్లతో గొంతు కలపొచ్చు.

హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఓ విశేషం చెప్పింది. రెండు భాషలు మాట్లాడేవారిలో డిమెన్షియా నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువురానివారిలో కూడా! తెలుగు, ఉర్దూ కలగలిసే కామారెడ్డి బజారుకు ఇది మంచి కబురే. అలాగని జబ్బు వచ్చాక కొత్త భాష నేర్పితే లాభం ఉండదు. చిన్ననాటి భాషలోనే మెల్లగా పలకరించాలి.

ఉన్నట్టుండి గొడవ ఎక్కువైతే మాత్రం జబ్బు ముదిరిందని సరిపెట్టుకోవద్దు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, చెప్పుకోలేని నొప్పి... ఏదైనా కారణం కావచ్చు. డాక్టరుకు చూపించాలి, ఉన్న మందులు సొంతంగా ఆపకూడదు.

మరి కోడలి నిద్ర సంగతి? వారంలో రెండు రాత్రులైనా ఆడబిడ్డో తోడికోడలో అవ్వ దగ్గర పడుకోవాలి. సలహా కావాలంటే వృద్ధుల కోసం 14567 ఉచిత హెల్ప్‌లైన్ ఉంది.